కక్ష్య తప్పిన రాకెట్టు – పరీక్ష తప్పిన తమ్ముడు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మమ్మల్ని అడిగారు. ప్రతి ఏడూ ఏం రాస్తామో మీకు తెలిసిందే. హాస్టల్ నుంచి వెళ్లి ఉద్యోగాలు తెచ్చుకున్న వాళ్ల గురించి, పదిలో మంచి మార్కులు సాధించిన పిల్లల గురించి రాస్తాం. రాయాలి కూడా. ఈసారి మాత్రం తప్పిన వాళ్ల గురించి రాయాలని అనుకున్నాం. అందుకోసం ముందు ఒక రాకెట్టు కథ చెప్పాలి.

మేము అంటే ఎవరమో కొత్త పిల్లలకు చెప్పాలి కదా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లలో చదువుకున్న వాళ్లం. ఇప్పుడివి మూడు జిల్లా కేంద్రాలు. 2016 అక్టోబర్‌కు ముందు ఈ మూడు ఊళ్లూ వరంగల్ జిల్లాలోనివే. అప్పుడు మాకు ఒకటే జిల్లా, ఒకటే రకం ట్రంకు పెట్టె, ఒకటే రకం దుప్పటి. అందుకే ఇప్పటికీ కలిసే ఉన్నాం.

ఆ ఆదివారం ఉదయం

2022 ఆగస్టు 7, ఆదివారం. తమ్ముళ్లను చూసిపోదామని మేము కొందరం జనగామలో ఒక హాస్టల్‌కు వచ్చాం. కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. వరండాలో ఒక అన్న సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుంటే దాని చుట్టూ పదిహేను తలకాయలు చేరాయి. శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్లు కొత్త రాకెట్టును పంపిస్తున్నారు. దాని పేరు ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1. చిన్న ఉపగ్రహాలను తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో పైకి పంపడానికి తయారుచేసిన బుల్లి రాకెట్టు అది. దానికి అదే మొదటి ప్రయాణం.

అందులో రెండు ఉపగ్రహాలు ఉన్నాయి. ఒకటి ఇస్రో వాళ్ల ఈఓఎస్-02. రెండోది 8 కిలోల చిన్న డబ్బా, పేరు ఆజాదీశాట్. ఆ డబ్బా కోసమే మేము చూస్తున్నాం. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు అందులోని పరికరాల తయారీలో పాలుపంచుకున్నారు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా అనే సంస్థ వాళ్లకు నేర్పించింది. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన సందర్భంగా చేసిన పని అది. మనలాంటి పిల్లల చేతులు పడిన వస్తువు ఆకాశంలోకి పోతుందంటే ఎవరికి చూడాలని ఉండదు?

9 గంటల 18 నిమిషాలకు రాకెట్టు లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి దశ మండింది, రెండో దశ మండింది, మూడో దశ కూడా మండింది. ఆ తర్వాత తెర మీద గీత ఆగిపోయింది. మాట్లాడేవాళ్ల గొంతులు తగ్గాయి. అదే రోజు ఇస్రో ఉన్న మాట చెప్పేసింది. ఉపగ్రహాలు చేరాల్సిన కక్ష్యకు చేరలేదు, ఇక అవి పనికిరావు అని.

మా పక్కన కూర్చున్న ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు.

"ఫెయిలైందా అన్నా?"

"ఫెయిలైంది రా."

"అయితే ఇంక దాన్ని తీసేస్తరా?"

ఆ ప్రశ్నకు అప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

ఒక్క మార్కు తక్కువ

అసలు ఏం జరిగింది? ఆ ఉపగ్రహాలు భూమికి సుమారు 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి దారిలో తిరగాలి. అందుకు సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగం కావాలి. రాకెట్టు అందుకున్న వేగం దానికంటే సెకనుకు 56 మీటర్లు తక్కువ. లెక్కకట్టి చూడండి, నూటికి ఒక వంతు కూడా లేదు. కానీ ఆ కాస్త తక్కువకే దారి ఒకవైపు కుంగిపోయింది. భూమికి 76 కిలోమీటర్ల దాకా దిగివచ్చింది. అక్కడ గాలి రాపిడి ఉంటుంది. ఉపగ్రహం నిలవదు, పడిపోతుంది.

35 రావాల్సిన చోట 34 వచ్చినవాడి పరిస్థితి కూడా ఇదే. ఏడాదంతా చదివిన చదువు, మిగతా సబ్జెక్టుల్లో వచ్చిన మార్కులు, అన్నీ ఆ ఒక్క మార్కు దగ్గర ఆగిపోతాయి.

ఇంతకీ వేగం ఎందుకు తగ్గింది? ఇస్రో వాళ్లు కూర్చుని తవ్వి చూశారు. రెండో దశ విడిపోయేటప్పుడు రాకెట్టు లోపల ఒక గట్టి కుదుపు వచ్చింది. అది రెప్పపాటు కూడా లేదు, కొన్ని మిల్లీ సెకన్లే. రాకెట్టు ఎంత వేగంగా పోతోందో కొలిచే యాక్సిలరోమీటర్లు ఆ కుదుపుకు తమ కొలత హద్దు దాటి చూపించాయి. వాటిని కనిపెట్టి ఉండే కంప్యూటర్ అది చూసి, ఇవన్నీ చెడిపోయాయని తేల్చేసింది. నిజానికి అవి చెడిపోలేదు. కుదుపు పోగానే మామూలుగానే ఉన్నాయి. కానీ ఒకసారి చెడిపోయాయని రాసుకున్నాక కంప్యూటర్ వాటి మాట వినలేదు. కొలతలు లేకుండా ముందే రాసిపెట్టిన దారిలో గుడ్డిగా పోయింది. చివర్లో వేగాన్ని సరిచేయాల్సిన చిన్న ఇంజన్‌కు తన పని తాను చేసే అవకాశమే రాలేదు.

ఈ సంగతి చదివినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పనిచేసే పరికరాన్ని, ఒక్క కుదుపు చూసి, పనికిరాదని రాసేయడం. మన దగ్గర ఎంతమంది విషయంలో ఇలా జరిగిందో మాకు తెలుసు.

ఆరు నెలలు

తర్వాత ఇస్రో ఏం చేసింది? గోడ మీద "ఓటమి విజయానికి తొలి మెట్టు" అని రాసుకుని ఊరుకోలేదు. ముందు ఎక్కడ తప్పిందో కాగితం మీద పెట్టారు. ఆ తర్వాత రెండు పనులు చేశారు. రెండో దశ విడిపోయే ఏర్పాటును మార్చి, కుదుపు తక్కువగా వచ్చే రకం పెట్టారు. పరికరం చెడిందో లేదో తేల్చే లెక్కను కూడా మార్చి, ఒక్క క్షణం చూసి తీర్పు చెప్పకుండా చేశారు. అంటే కుదుపునూ తగ్గించారు, కుదుపు చూసి తొందరపడే తీర్పునూ సరిచేశారు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

2023 ఫిబ్రవరి 10న, అదే శ్రీహరికోట, ఉదయం అదే 9 గంటల 18 నిమిషాలకు ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ2 లేచింది. మూడు ఉపగ్రహాలను 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో పెట్టింది. ఇస్రో వాళ్ల ఈఓఎస్-07, అమెరికా నుంచి వచ్చిన జానస్-1, మూడోది ఆజాదీశాట్-2. అవును, ఆ ఆడపిల్లలదే. వాళ్ల మొదటి డబ్బా పడిపోయింది. 8.7 కిలోల రెండో డబ్బా తయారైంది. రాకెట్టుకు రెండో అవకాశం ఇచ్చినవాళ్లు ఆ పిల్లలకూ ఇచ్చారు. 2024 ఆగస్టు 16న మూడో ప్రయాణం కూడా సరిగ్గా జరిగింది.

ఇలాంటిది ఇస్రోకు కొత్త కాదు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. పడిపోయిన రోజు విలేకరుల ముందుకు పెద్దాయన సతీష్ ధావన్ వెళ్లారు. గెలిచిన రోజు కలాం గారిని పంపించారు. కలాం గారు ఎన్నో సభల్లో చెప్పిన ఈ సంగతి మీరు వినే ఉంటారు. ఇందులో మనం తీసుకోవాల్సింది ఒకటుంది. తప్పిన రోజు ముందు నిలబడాల్సింది తప్పినవాడు కాదు, వాడి మీద పెద్దగా ఉన్నవాడు.

బియ్యం లారీ రాకపోతే

ఇంకో కథ కూడా చెప్పాలి. ఇది మన దేశానిది కాదు గానీ, హాస్టల్ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా ఒక రకం హాస్టలే. నలుగురు కలిసి ఉంటారు. అక్కడ పంట పండదు, బావి ఉండదు. తిండి, బట్టలు, పరికరాలు అన్నీ కింది నుంచి పోవాల్సిందే. మనుషులు లేని సరుకు నౌకలు వాటిని మోసుకుపోతాయి. మనకు బియ్యం లారీ వచ్చినట్టే.

2014, 2015 సంవత్సరాల్లో ఎనిమిది నెలల్లో మూడు లారీలు దారిలోనే పోయాయి. 2014 అక్టోబర్ 28న అమెరికాలోని వర్జీనియా తీరంలో సిగ్నస్ నౌకను మోస్తున్న రాకెట్టు లేచిన కొన్ని సెకన్లకే పేలిపోయింది. అందులో అక్కడి బడిపిల్లలు తయారుచేసిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. 2015 ఏప్రిల్ 28న రష్యా వాళ్ల ప్రోగ్రెస్ నౌక రాకెట్టు నుంచి విడిపోయేటప్పుడు దెబ్బతిని, బొంగరంలా తిరిగి, పది రోజుల తర్వాత గాలిలో కాలిపోయింది. 2015 జూన్ 28న డ్రాగన్ నౌకను తీసుకుపోతున్న రాకెట్టు ఫ్లోరిడా నుంచి లేచిన రెండు నిమిషాల పైచిలుకుకు ముక్కలైంది. లోపల హీలియం సీసాను పట్టి ఉంచే ఒక ఊత విరిగిందని ఆ కంపెనీ విచారణలో తేలింది. మోయాల్సిన బరువులో ఎంతో తక్కువకే అది విరిగిందట.

అప్పుడు పైన ముగ్గురు ఉన్నారు. వాళ్లు పస్తులున్నారా? లేదు. ఒక లారీ రాకపోయినా నడిచేలా నెలలకు సరిపడా సరుకు ముందే దాచి ఉంచారు. మన వార్డెన్ సార్లు స్టాక్ రిజిస్టర్ పెట్టి, స్టోర్ రూములో నాలుగు బస్తాలు మిగిల్చినట్టు. డ్రాగన్ పోయిన అయిదో రోజే, జులై 3న, రష్యా వాళ్లు మళ్లీ ఒక ప్రోగ్రెస్‌ను పంపారు. ఈసారి కొత్త రకం రాకెట్టు మీద కాకుండా, బాగా నమ్మకమున్న పాత రకం సోయజ్ మీద పంపారు. జులై 5న సరుకు చేరింది. సిగ్నస్ వాళ్లు తమ రాకెట్టు బాగయ్యే దాకా ఆగకుండా, ఇంకొకరి రాకెట్టు అడిగి 2015 డిసెంబర్ 6న నౌకను పంపారు. డ్రాగన్ 2016 ఏప్రిల్ 8న మళ్లీ ఎగిరింది.

మూడు దెబ్బలకు మూడు రకాల దారులు. నమ్మకమైన పాత బండిని బయటికి తీయడం, ఇంకొకరి బండి అడగడం, తన బండిని బాగుచేసుకోవడం. వీటన్నిటికీ అడుగున ఉన్నది మాత్రం ఒకటే, దాచిపెట్టిన నాలుగు బస్తాలు. నిల్వ ఉంటేనే తప్పును సరిచేసుకునేందుకు కాలం దొరుకుతుంది. నిల్వ లేనివాడికి మొదటి దెబ్బే చివరి దెబ్బ అవుతుంది.

మన సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు ఎండాకాలంలో వస్తాయి. అప్పుడు హాస్టల్‌కు తాళం ఉంటుంది. పిల్లలంతా ఊళ్లలో, తండాల్లో ఉంటారు. తప్పినవాడు ఎవరి సెల్‌ఫోన్‌లోనో తన నంబరు చూసుకుంటాడు. ఆ ఫోన్ ఇచ్చినవాడే ఊరంతా చెబుతాడు. సప్లిమెంటరీ పరీక్షలు మే, జూన్ నెలల్లోనే ఉంటాయి. ఫీజు కట్టడానికి గడువు కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో వాడిని పిలిచి, "బిడ్డా, ఫీజు కట్టినవా? పుస్తకం ఉన్నదా? ఏ పాఠం రాదు?" అని అడిగేవాళ్లు ఎవరు?

భూపాలపల్లి అడవి ఊళ్లలో ఆ రోజులు తునికాకు రోజులు. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోయాలి. మధ్యాహ్నం 50 ఆకులకో కట్ట కట్టాలి. సాయంత్రం కల్లానికి చేర్చాలి. ఏడాదిలో చేతికి డబ్బులు వచ్చే కొద్ది రోజుల్లో అవి కొన్ని. మాలో ఒకడు ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ తప్పి, సప్లిమెంటరీకి ముందు రోజు సాయంత్రం దాకా కట్టలే కట్టాడు. పుస్తకం కల్లం దగ్గరికి తీసుకుపోయేవాడు. తెరిచేవాడు కాదు, తెరవడానికి చేతులు ఖాళీగా ఉండేవి కాదు. వాడి తల్లిదండ్రులను ఏమనగలం? వాళ్ల నిల్వ అంతే. ఒక్క లారీ రాకపోతే ఆగిపోయే ఇల్లు అది.

ఇంకొకడు, మా బ్యాచ్ వాడు. పదిలో గణితం 34. ఆ ఏడు బడిలో చాలా నెలలు గణితం చెప్పే సారు లేడు. వాడు లెక్కల్లో మొద్దు కాదు. రాత్రి స్టడీ అవర్‌లో మాకు వడ్డీ లెక్కలు చెప్పింది వాడే. బీజగణితం దగ్గరికి వచ్చేసరికి వాడికే చెప్పేవాళ్లు లేకపోయారు. జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు తన పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. పెట్టె వరండాలో ఉంది. వాడి చోటులో ఇంకో పిల్లవాడి దుప్పటి పరిచి ఉంది. ఎవరూ వాడిని ఏమీ అనలేదు. అసలు మాట్లాడలేదు. మేము కూడా మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియక బావి దగ్గరికి పోయి నిలబడ్డాం. వాడు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండ్‌కు నడిచిపోయాడు. ఆ తర్వాత మిర్చి మార్కెట్‌లో బస్తాలు మోశాడు. ఇప్పుడు పెళ్లయింది, పిల్లలున్నారు. కలిస్తే బాగానే పలకరిస్తాడు. వార్షికోత్సవానికి రమ్మంటే మాత్రం రాడు. "మీరు పాసైనోళ్లు, మీ పండుగ అది" అంటాడు. ఈ సంచిక వాడి ఇంటికి ఎప్పుడూ పోలేదు.

మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన మా చెల్లె ఒకామె కథ వేరు. ఆమె ఇంటర్‌లో ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పింది. హాస్టల్లో వంట చేసే అమ్మ ప్రతి ఆదివారం ఆమె పక్కింటివాళ్ల నంబరుకు ఫోన్ చేసి, "ఫీజు తేదీ దాటిపోతది బిడ్డా, యాదికున్నదా?" అని అడిగేదట. చదువు చెప్పడం ఆ అమ్మకు రాదు. తేదీ గుర్తుచేయడం వచ్చు. మూడోసారి పాసయింది. నర్సింగ్ చదివింది. ఇప్పుడు ఆమె జీతం మీద ఇద్దరు తమ్ముళ్లు చదువుతున్నారు. ఇద్దరి మధ్య తేడా ఎక్కడుంది? తెలివిలో లేదు. ఒకరికి ఆదివారం ఫోన్ వచ్చింది, ఇంకొకరికి రాలేదు.

ఓటమి దానంతటది మెట్టు కాదు తమ్ముళ్లారా. ఎవరో పక్కన కూర్చుని దాన్ని మెట్టుగా కట్టాలి. మాకు అర్థమైంది ఇదే.

2019 మరిచిపోవద్దు

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని గొడవలు జరిగాయి. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో కమిటీ వేసింది. తప్పినవాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి మొదట సున్నా అని పడింది. పనిచేసే పరికరాన్ని చెడిపోయిందని రాసేశారని పైన చెప్పామే, అది ఇదే.

అందుకని ప్రతి తప్పూ దిద్దినవాళ్లదే అనడం లేదు. కానీ ఒక కాగితం మీద పడిన అంకె చూసి మనిషినే కొట్టేసుకునేంత తొందర దేనికి? కోట్ల రూపాయల రాకెట్టు సముద్రంలో పడితేనే మళ్లీ కట్టారు. ఫలితాల రోజుల్లో ఎవరి మనసైనా బరువెక్కితే, లేదా మీ పక్కవాడు మాట్లాడకుండా మూల కూర్చుంటే, వెంటనే ఎవరికైనా చెప్పండి. టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ పాత నినాదం పక్కనే రాయించండి.

ఇలా అనేవాళ్లకు

మా మాటలు విని కొందరు అన్నలే రెండు అభ్యంతరాలు చెప్పారు.

ఒకటి: "ఇస్రోకు డబ్బుంది, శాస్త్రవేత్తలున్నారు. మన దగ్గర ఏముంది?" నిజమే. కానీ పైన చెప్పిన పనుల్లో ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. అదే రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి డబ్బు అక్కర్లేదు. ఎక్కడ తప్పిందో ఒక కాగితం మీద రాయడానికి ఒక పెన్ను చాలు. మళ్లీ ఎగిరే తేదీ పెట్టుకోవడానికి ఒక క్యాలెండర్ చాలు.

రెండోది: "చదవనివాడిని వెనకేసుకొస్తే చదివేవాడికి విలువేం ఉంటుంది?" మేము వెనకేసుకు రావడం లేదు. ఇస్రో తన రాకెట్టు మీద జాలి చూపలేదు, విప్పి చూసింది. విచారణ అంటే అదే. వాడు రాత్రంతా సెల్‌ఫోన్ చూశాడా? అదీ రాయాలి. బడి ఎగ్గొట్టి క్రికెట్ ఆడాడా? అదీ రాయాలి. సారు లేడా, పుస్తకం ఆలస్యంగా వచ్చిందా, ఇంట్లో తండ్రికి జబ్బు చేసిందా? అదీ రాయాలి. అన్నీ రాశాక దేన్ని సరిచేయాలో తెలుస్తుంది. తిట్టడం తేలిక, తిడితే కారణం దొరకదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మళ్లీ ఎగిరిన ప్రతిదీ గెలుస్తుందని లేదు. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ తప్పింది. అదే ఏడాది డిసెంబర్ 25న మళ్లీ తప్పింది. 2013 ఆగస్టు 19న ఎగరడానికి గంటా పావు ముందు ఇంధనం కారుతోందని కనిపెట్టి ఆపేశారు. కారిన ట్యాంకును మార్చి, 2014 జనవరి 5న ఎగరేస్తే గెలిచింది. పరువు పోతుందని ఆ రోజు ఆపకుండా ఎగరేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఎన్నో ఏళ్లు నమ్మకంగా పనిచేసిన పీఎస్‌ఎల్‌వీ 2025 మే 18న మూడో దశలో తప్పింది. 2026 జనవరి 12న మళ్లీ ఎగిరితే, ఇబ్బంది మళ్లీ మూడో దశలోనే వచ్చింది. మొదటి తప్పు విచారణ నివేదికను జనం ముందు పెట్టకుండానే రెండోసారి ఎగరేశారని చాలామంది ప్రశ్నించారు. ఆ ప్రశ్న సరైనదే. ఇస్రో అయినా, ఇంటర్ చదివే తమ్ముడైనా, కారణం దాచిపెట్టి మళ్లీ పోతే అదే చోట తగిలే ప్రమాదం ఉంటుంది. సప్లిమెంటరీకి ఊరికే ఫీజు కట్టి, అదే చదువు అదే తీరున చదివి పోయేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

మేము అడుగుతున్నది

ఉపన్యాసం చెప్పి పోతే మాకూ ఆ గోడ మీది నినాదానికీ తేడా ఉండదు. అందుకే మూడు ఊళ్ల పూర్వ విద్యార్థుల ముందు ఈ అయిదు మాటలు పెడుతున్నాం.

ఒకటి. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రంలోగా తప్పిన ప్రతి పిల్లవాడికి, ప్రతి అమ్మాయికి మనలో ఒకరు ఫోన్ చేయాలి. నంబర్లు మార్చిలోనే, పిల్లలు హాస్టల్‌లో ఉండగానే రాసుకోవాలి. ఇంటి నంబరు లేకపోతే పక్కింటిది, కిరాణా కొట్టుది అయినా సరే. ఆ ఫోన్‌లో ముందు తల్లిదండ్రులతో మాట్లాడాలి. వార్డెన్ సారు మాట్లాడితే ఇంకా మంచిది. పెద్దవాళ్లు ముందు నిలబడితే పిల్లవాడికి ధైర్యం వస్తుంది.

రెండు. ఆ వారంలోనే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ రాయాలి. ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కులు, ఏ పాఠం రాలేదు, ఎప్పటి నుంచి రాలేదు, కారణం ఏమిటి. వాడి తప్పూ రాయాలి, మన తప్పూ రాయాలి. మార్కుల మీద అనుమానం ఉంటే మళ్లీ లెక్కింపుకు దరఖాస్తు పెట్టించాలి.

మూడు. సప్లిమెంటరీ ఫీజు గడువుకు ముందే కట్టాలి. ఇంట్లో లేకపోతే మనం కట్టాలి. అది పెద్ద మొత్తం కాదు. మనం ఒక పెళ్లికి పెట్టే చదివింపు అంత కూడా ఉండదు.

నాలుగు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఒక్కో చోట, ఫలితాల నుంచి పరీక్ష అయ్యేదాకా, తప్పిన పిల్లలు ఉండి చదువుకునేందుకు చోటు చూడాలి. అధికారులను అడిగి అనుమతి వస్తే హాస్టల్ గదులే మేలు. రాకపోతే అద్దెకు ఒక ఇల్లు తీసుకుందాం. బియ్యం, పప్పు మనం తెద్దాం. లెక్కలు వచ్చినవాళ్లు లెక్కలు, ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఇంగ్లిష్ వంతులవారీగా చెబుదాం. తునికాకు పోతే ఇంటికి వచ్చే నష్టం ఎంతో కూడా లెక్కవేసి, ఆ పిల్లల ఇళ్లకు ఏం చేయగలమో మాట్లాడుకుందాం. అంతరిక్ష కేంద్రంలో దాచిన సరుకులాంటిది ఇది. ఆ నిల్వ పిల్లల ఇళ్లలో లేదు కాబట్టి మనమే నిల్వ కావాలి.

అయిదు. వచ్చే వార్షికోత్సవానికి తప్పినవాళ్లను కూడా పేరుపేరునా పిలవాలి. ఉత్తరం వేసి ఊరుకోకుండా ఇంటికి వెళ్లి పిలవాలి. ఈ సంచికలో వాళ్లకు ఒక పేజీ ఉండాలి.

మొదటి పని మేమే మొదలుపెట్టాం. ఆ 34 మార్కుల మా స్నేహితుడి ఇంటికి ఈ వ్యాసం రాయడానికి ముందు వెళ్లాం. చదివి వినిపించాం. పేరు రాయొద్దన్నాడు, రాయలేదు. చివర్లో ఒకటే అడిగాడు, "ఆ పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పేటోళ్లు ఉన్నరా?" అని. ఇంకా ఎవరూ దొరకలేదని చెప్పాం. "అయితే ఎండాకాలంలో నాకు చెప్పుండ్రి" అన్నాడు.

తమ్ముడూ, ఆ ఆదివారం నువ్వు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాం. లేదు, తీసేయరు. విప్పి చూస్తారు, సరిచేస్తారు, మళ్లీ తేదీ పెడతారు. రాకెట్టుకు అలా చేశారు. నీకు కూడా అలాగే చేయాలని మేము ఒప్పుకున్నాం. మేము మాట తప్పితే వచ్చే సంచికలో నువ్వే రాయి, మా తప్పు ఎక్కడుందో.

ఇట్లు,
మీ అన్నలు, అక్కలు
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్ల పూర్వ విద్యార్థులు